చిట్టాలో ఒక పద్దు

ఈ ఇంటికి బయటివైపు కిటికీలు లేవు.
దొంగల భయం అంటారు మగవాళ్లు.
మగవాళ్లేమో మూడేళ్లకోసారి వస్తారు,
హాన్‌కౌ నుంచి, తేయాకు వాసనతో,
దొంగల్లాగే రాత్రిపూట.

నడిమింట్లో మాత్రం ఆకాశాన్ని
నలుచదరంగా కోసి పెట్టారు.
నాలుగు చూరుల వానా లోపలికే పడుతుంది.
ఇంట పడ్డ నీళ్లు ఇంటి సిరి అట,
బొట్టు కూడా గడప దాటకూడదట.
నేనూ అట్లా లోపలికి పడ్డదాన్నే.

మరిది రక్తం కక్కుకుని పోయిన చలికాలం
లెక్కలు రాసే చెయ్యి లేక
అత్తగారు చిట్టా తెచ్చి నా ముందు పడేసింది.
"మీ నాన్న బడిపంతులు కదా, గీకు."
పూసల చట్రం వేళ్లకు అలవాటైంది.
నూనెదీపం కింద టకటక, టకటక,
కాళ్లు పోలేని దూరాలన్నీ వేళ్లు పోయొచ్చాయి.
ఏడేళ్లకు కట్టి పదకొండేళ్లకు విప్పేసిన కాళ్లు నావి.
అటు పద్మాలూ కావు, ఇటు పాదాలూ కావు.

ఒక పాత బాకీ కోసం పేజీలు వెనక్కి తిప్పుతుంటే
నేను దొరికాను.
గణతంత్రం తొమ్మిదో ఏడు, పదో నెల:
కప్పు పెంకులు, రెండు వేలు.
కోడలు ఒకతె, అరవై వెండి నాణేలు.
దీపపు నూనె, నాలుగు జాడీలు.
పేరు లేదు.
పెంకులకైనా ఏ బట్టీవో రాసి ఉంది.

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.
వేళ్లే వాటంతటవి పూసలు జరిపాయి.
గుడ్డచెప్పుల అట్టలు కుట్టినందుకు జోడుకు మూడు రాగి నాణేలు,
పట్టుపురుగులకు ఆకు కోసిన తెల్లవారుజాములు,
ఈ లెక్కలు రాసినందుకు గుమాస్తా జీతంలో సగం.
సగమే వేశాను, పేచీ రాకూడదని.
బిడ్డ పోయిన నెల వెయ్యలేదు.
దానికి ఏ పూస జరపాలో తెలియలేదు.
అయినా అరవై ఎప్పుడో దాటిపోయింది,
నాలుగేళ్ల కిందటే.
కుంచె తడిపి, ఆ వరసకు ఎదురుగా
చిన్నగా రాశాను: చెల్లు.
కింద నా పేరు, పెయ్‌చిన్.

సిరా ఆరకముందే అత్తగారు.
ఆవిడకు నిద్ర పట్టదు.
నడుముకున్న తాళాలు ముందొస్తాయి, మనిషి తర్వాత.
"ఏమిటది?"
అక్షరం రాని మనిషి. అబద్ధం చెప్పొచ్చు.
చదివి వినిపించాను, పెంకుల దగ్గర్నుంచి చెల్లు దాకా.

చాలాసేపు వాన చూసింది.
"నాది?" అంది.

పెట్టె అడుగున, ముత్తవ మామగారి నాటి చిట్టా.
సగం చెదలు తిన్నాయి. మిగిలిన సగంలో ఆవిడ:
ముప్పై రెండు తులాల వెండి, ఒక కంచరగాడిద,
రెండు జాడీల సారా.
"ఆ గాడిద మా పుట్టింట్లో ఏడాదికే కుంటిదైంది" అంది.
నవ్విందో, దగ్గిందో.
"ఊఁ, కట్టు నా లెక్క."
నలభై ఒక్క ఏళ్లు.
కోడి కూసేసరికి పూసలు చాలలేదు.

తాళాలివ్వలేదు. అట్లా ఇచ్చే మనిషి కాదు.
పొద్దున గంజి తాగుతూ గిన్నెలోకి చూసి అంది:
"వంతెన దగ్గర ఉప్పు ధర పెరిగిందట. చూసిరా."
పనిపిల్ల అ-హే లేవబోయింది.
"నువ్వు కాదు."

గడప మోకాలెత్తు. బట్ట పైకి పట్టి దాటాను.
బయట ఆకాశానికి అంచులు లేవు,
కాస్త కళ్లు తిరిగాయి.
వంతెన దాకా ఆరువందల పద్నాలుగు అడుగులు,
రెండుసార్లు గోడ పట్టుకున్నాను.
ఉప్పు ధర ఏమీ పెరగలేదు.
ఇంట్లో రెండు జాడీల ఉప్పుంది, చిట్టాలో రాసింది నేనే.
ఆ సంగతి ఆవిడకూ తెలుసు.

రాత్రి ఆ అడుగులు జమ వైపు వేశాను.
ఖర్చు వైపు ఏం రాయాలో
రేపు వెళ్లొచ్చాక చూస్తాను.